శిష్యులకు చోటులేని చిత్రకళ

రెనెసాన్స్ (అయిదారు వందల ఏళ్ల నాటి యూరప్ కళావికాస కాలం) చిత్రాల్లో ఆత్మ ఉంది, ఏఐ గీసే కంప్యూటర్ బొమ్మల్లో లేదు అనే వాదన నాకు నచ్చదు. ఆత్మను కొలిచే సాధనం ఎవరి దగ్గరా లేదు. రేపు ఇంకాస్త మంచి సాఫ్ట్‌వేర్ గీసిన బొమ్మ చూసి ఎవరి కళ్లయినా చెమర్చితే ఆ వాదన అక్కడితో కూలిపోతుంది. మనం అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఈ బొమ్మ వెనుక ఎవరు పనిచేశారు? ఎవరికి డబ్బు ముట్టింది? ఆ పని చేస్తూ ఎవరు నేర్చుకున్నారు?

1485లో ఇటలీ నగరం ఫ్లోరెన్స్‌లోని ఒక అనాథ శిశువుల ఆశ్రమం గిర్లాండాయో అనే చిత్రకారుడితో ఒప్పందం రాసుకుంది. బాలయేసును జ్ఞానులు దర్శించుకునే దృశ్యం గీయాలి, ప్రతిఫలం 115 ఫ్లోరిన్లు (అప్పటి నాణేలు). వాడే నీలం రంగు ఔన్సు నాలుగు ఫ్లోరిన్లు పలికే అల్ట్రామెరైన్ అనే ఖరీదైన రంగు అయి ఉండాలని కూడా అందులో రాశారు. పెద్ద చిత్రం కింద వరుసగా ఉండే చిన్న బొమ్మలను బార్తలోమియో దీ జొవాన్ని అనే మరో చిత్రకారుడు వేశాడు. అయిదు వందల ఏళ్లు దాటినా ఆ సహాయకుడి పేరు మనకు తెలుసు.

నన్ను ఇంకా ఎక్కువగా కదిలించేది 1488 నాటి సంగతి. అదే గిర్లాండాయో దగ్గర పదమూడేళ్ల మైకెలాంజెలో పనిలో చేరాడు. మూడేళ్లకు 24 ఫ్లోరిన్లు ఇస్తానని గురువే రాసిచ్చాడు. అంటే నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడికి ఎదురు జీతం! తడి సున్నం మీద, అది ఆరేలోపు రంగు వేసే ఫ్రెస్కో పనిలో ఆ వర్క్‌షాప్‌కు పెద్ద పేరు. ఇరవై ఏళ్ల తర్వాత, 1508లో, ఆ కుర్రాడే వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థనా మందిరం పైకప్పు మీద ఫ్రెస్కోలు వేయడానికి పరంజా ఎక్కాడు.

ఇప్పుడు 2018 చూడండి. పదిహేను వేల పాత చిత్తరువులు మింగిన ఒక ప్రోగ్రామ్ గీసిన బొమ్మ న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో 4,32,500 డాలర్లకు అమ్ముడుపోయింది. దాన్ని తయారుచేసిన ఒబ్వియస్ అనే బృందం రాబీ బారట్ అనే కుర్రాడు నెట్‌లో ఉచితంగా పెట్టిన కోడ్ వాడుకుంది. సంతకం చోట మాత్రం ఒక గణిత సూత్రం ముద్రించారు. ఆ తర్వాత, ఏఐకి శిక్షణ ఇవ్వడానికి వచ్చిన లాయాన్ అనే డేటాసెట్‌లో 585 కోట్ల బొమ్మలకు లింకులుండేవి. గీసినవాళ్ల అనుమతి ఎవరు అడిగారు? పోలండ్ చిత్రకారుడు గ్రెగ్ రుట్‌కోవ్‌స్కీ పేరును ఏఐ సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసి ఆయన శైలిలో ఎవరు పడితే వాళ్లు బొమ్మలు తీసుకుంటుంటే, ఆయన బహిరంగంగా అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది.

మైకెలాంజెలో కూడా పాత బొమ్మలు కాపీ కొట్టే నేర్చుకున్నాడు కదా అంటారు. నిజమే, జర్మన్ చిత్రకారుడు షోన్‌గావర్ ముద్రణ చిత్రాన్ని చూసి రంగుల్లో వేశాడు. కానీ ఆ కాపీ వల్ల ఒక మనిషి చేతికి పని వచ్చింది. సాఫ్ట్‌వేర్ చేసే కాపీ వల్ల ఎవరి చేతికి పని వస్తోంది?

నా భయం చిత్రకళతో ఆగదు. హైదరాబాద్ యానిమేషన్ స్టూడియోల్లోకి మన పిల్లలు రోటోస్కోపీ (వీడియోలో ఒక్కో ఫ్రేమ్ మీద బొమ్మ అంచులు గీయడం), క్లీనప్ (చిత్తు గీతలను శుభ్రంగా తిరిగి గీయడం) లాంటి చిన్న పనులతోనే అడుగుపెడతారు. విసుగు పుట్టించే పనే, కానీ కన్ను కుదిరేది అక్కడే. యంత్రాలకు ముందుగా అప్పజెప్పేదీ ఆ పనినే. కోడింగ్‌లో ఫ్రెషర్లది, న్యూస్ డెస్కులో కొత్తగా చేరిన సబ్‌ఎడిటర్లది అదే టెన్షన్. మొదటి మెట్టు తీసేసి, పదేళ్ల తర్వాత సీనియర్లు దొరకడం లేదని కంపెనీలు వాపోతే ఏం లాభం?

కాబట్టి యానిమేషన్ రంగానికి రాయితీలిచ్చే ప్రభుత్వాలు ఒక షరతు పెట్టాలి. ఏఐ వాడే ప్రతి స్టూడియో జీతమిచ్చి కొత్తవాళ్లకు పని నేర్పాలి, ఎవరి బొమ్మలతో ఆ ఏఐకి శిక్షణ ఇచ్చారో వాళ్ల అనుమతి పత్రాలు చూపించాలి. చూపించలేని స్టూడియోకు రాయితీ ఆపేయాలి.