సైటేషన్ రొట్టె

నెల్లూరు జిల్లాలో సైటేషన్లకు తీవ్రమైన కొరత ఉందన్న సంగతి ఇంతవరకు ఏ అధికారి దృష్టికీ రాలేదు. సోమశిలలో నీళ్లెన్ని ఉన్నాయో పేపర్లు రోజూ వేస్తాయి. 78 టీఎంసీల డ్యాంలో ఇవాళ ఎంత, నిరుడు ఇదే రోజుకు ఎంత అని టీ అంగడి దగ్గర కూడా లెక్క చెబుతారు. మన డాక్టర్లు రాసిన పరిశోధన పత్రాలను ఎంతమంది తమ పత్రాల్లో ఉదహరించారు, అంటే ఎన్ని సైటేషన్లు వచ్చాయి, నిరుటికన్నా పెరిగిందా తగ్గిందా అని మాత్రం ఒక్క పేపరూ వేయదు. దీనికి బాధ్యులెవరో తేల్చాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

ముఖ్యంగా పళ్ల స్క్రూల విషయంలో. ఎత్తుపళ్లకు క్లిప్పులు వేసినప్పుడు ముందరి పళ్లను వెనక్కి లాగాలి. దేన్ని పట్టుకుని లాగాలి? దవడ పళ్లను పట్టుకుంటే, న్యూటన్ గారు 1687లోనే హెచ్చరించినట్టు, అంతే బలం ఎదురు తిరిగి వాటిని ముందుకు గుంజుతుంది. అందుకని చిగురులోంచి ఎముకలోకి సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల లావున్న టైటానియం స్క్రూ దించి, దానికి స్ప్రింగు తగిలించి లాగుతారు. పని అయ్యాక తీసేస్తారు. దీని పూర్తి పేరు టెంపరరీ యాంకరేజ్ డివైస్, ముద్దుపేరు ట్యాడ్. స్క్రూ తాత్కాలికమే గాని దాని మీద రాసిన పత్రం శాశ్వతం. ఆ పత్రాలకు వచ్చిన సైటేషన్లను లెక్కపెట్టి ఇంకో పత్రం రాయవచ్చని ఎవరో మహానుభావులు కనిపెట్టారు. ఆ రోజుతో ఈ రంగానికి స్వర్ణయుగం మొదలైంది.

ఈ లెక్కల పత్రంలో ఉన్న సుఖం మామూలు పరిశోధనలో లేదు. పేషెంటు అక్కర్లేదు, మత్తు సూది అక్కర్లేదు, ఎవరినీ నోరు తెరవమని బతిమాలనక్కర్లేదు. లాప్‌టాప్, ఇంటర్నెట్ ఉంటే చాలు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీ వాళ్ల వాస్‌వ్యూయర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. అది రంగురంగుల వలయాలు గీసి, ఏ దేశం వాళ్లు ఏ దేశం వాళ్లతో కలిసి ఎన్ని పత్రాలు రాశారో గీతల లావుతో చూపిస్తుంది. చివరికి తేలేదేమిటంటే, పాత పత్రాలకు సైటేషన్లు ఎక్కువ. ఎందుకు ఎక్కువ అంటే అవి పాతవి. ఇంత గంభీరమైన సత్యం దొరికాక కూడా రచయితలు వినయంగా ‘ఈ దిశలో మరిన్ని పరిశోధనలు అవసరం’ అని ముగిస్తారు. అన్నట్టే మరిన్ని వస్తాయి.

స్క్రూల చరిత్ర రాసే ప్రతివారూ మొదట దండం పెట్టేది 1945 నాటి గెయిన్స్‌ఫోర్త్, హిగ్లీల పత్రానికి. వాళ్లు ఆరు కుక్కల దవడల్లో వైటాలియం అనే మిశ్రలోహపు స్క్రూలు బిగించి పళ్లు లాగి చూశారు. 16 నుంచి 31 రోజుల లోపల అన్నీ ఊడిపోయాయి. నెల రోజులు నిలవని ఆ స్క్రూలు సైటేషన్లలో 80 ఏళ్లుగా చెక్కుచెదరలేదు. 1983లో క్రీక్‌మోర్, ఎక్‌లండ్ ఒక పేషెంటుకు ముక్కు కింది ఎముకలో స్క్రూ వేసి, దాదాపు ఏడాదిలో పై ముందరి పళ్లను 6 మిల్లీమీటర్లు పైకి ఎత్తగలిగారు. అది నిలిచింది. 1997లో జపాన్ డాక్టరు కనోమీ 1.2 మిల్లీమీటర్ల చిన్న స్క్రూతో వచ్చేసరికి రంగం ఊపందుకుంది. ఊడినదానికీ నిలిచినదానికీ సైటేషన్ లెక్కలో తేడా లేదు. పొగిడినా ఒకటే, తిట్టినా ఒకటే. ఇంతటి సమదృష్టి వేదాంతులకు కూడా అలవడలేదు.

పళ్ల డాక్టరీలో పీజీ, అదే ఎండీఎస్ చదువుతున్న మా మేనల్లుణ్ణి అడిగాను, ‘ఏరా అబ్బయ్యా, ఆ 1945 పత్రం చదివావా?’ అని.

‘చదవడం దేనికి మామా? అందరూ వేస్తారు, మనమూ వేస్తాం. ముందువాళ్ల రెఫరెన్సుల్లోంచి ఎత్తుకోవడమే.’

‘తప్పులుంటే?’

‘తప్పులతో సహా!’

వాడు అబద్ధం చెప్పలేదు. 2003లో సిమ్కిన్, రాయ్‌చౌధురి అనే ఇద్దరు, ఒకే అచ్చుతప్పు ఒక పత్రంలోంచి ఇంకో పత్రంలోకి ఎలా పాకుతుందో లెక్కగట్టి, ఉదహరించినవాళ్లలో అసలు పత్రం చదివింది సుమారు 20 శాతమేనని అంచనా వేశారు. ఈ ముక్క నేను వాళ్ల పత్రం చదివే చెబుతున్నానని మీరు నమ్మితే అది మీ సంస్కారం.

కావలి నుంచో ఆత్మకూరు నుంచో బస్సెక్కి నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోటకు వచ్చిన పిల్ల తల్లికి ఈ వైభవమేదీ తెలియదు. ఆమె అడిగేది ఒకటే. ‘ఈ స్క్రూ ఊడదు కదా సార్?’ ఊడితే మళ్లీ బస్సు, మళ్లీ సూది, మళ్లీ టెన్షన్. నిజానికి ఆమెకు చెప్పదగ్గ జవాబు ఉంది. 2003లో మియావాకీ బృందం చూసినప్పుడు ఒక్క మిల్లీమీటరు లావున్న స్క్రూలన్నీ ఊడిపోయాయి. స్క్రూ చుట్టూ చిగురు వాచినా ఊడే ప్రమాదం పెరిగింది. అంటే అక్కడ శుభ్రంగా తోముకోమని చెప్పాలి. 2012లో ఒక బృందం పాత అధ్యయనాలను కలిపి 4,987 స్క్రూల లెక్క తీస్తే 13.5 శాతం విఫలమయ్యాయి. అంటే దాదాపు ఏడింటికి ఒకటి. గట్టిగా ఉన్న స్క్రూ కూడా కదలకుండా ఉండదని, బలం పడితే కొందరిలో కాస్త జరుగుతుందని, కాబట్టి పంటి వేరుకు 2 మిల్లీమీటర్ల దూరం వదలాలని 2004లో లియూ బృందం చెప్పింది. ఇవన్నీ బాగా పేరున్న పత్రాలే. లెక్కల పత్రంలో వీటికి ర్యాంకు దొరుకుతుంది. లోపల ఏముందో దొరకదు.

తప్పు ఈ సైటేషన్ల లెక్కకు ఆద్యుడైన యూజీన్ గార్ఫీల్డ్‌ది కాదు. ఒక పత్రం నుంచి దానికి సంబంధించిన ఇంకో పత్రానికి దారి దొరకాలని ఆయన 1955లో ఈ ఆలోచన చెప్పి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చారు. తర్వాత పరిశోధన పత్రికల స్థాయి కొలవడానికి వచ్చిన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ముందటి రెండేళ్ల పత్రాలకు ఈ ఏడాది ఎన్ని సైటేషన్లు వచ్చాయో చూస్తుంది. క్లిప్పుల వైద్యానికి కూడా ఇంచుమించు రెండేళ్లు పడుతుంది. ఇవాళ పత్రం చదివి స్క్రూ వేసిన డాక్టరు, పేషెంటు తీగలు విప్పి ఫలితం రాసేసరికి ఆ పత్రం లెక్కలోంచి జారిపోయి ఉంటుంది. కాబట్టి ఫలితం కోసం ఆగడం వృత్తిరీత్యా ప్రమాదం.

కొరత తీరే మార్గం మన ఊళ్లోనే ఉంది. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండుగలో విద్య రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె ఉండనే ఉన్నాయి. పరిశోధకులకు కూడా సైటేషన్ రొట్టె అని వేరే ఘాట్ కేటాయించాలి. కోరిక ఉన్నవాళ్లు రొట్టె తీసుకుంటారు, తీరాక మరుసటి ఏడు తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. నీ పత్రం నేను వేస్తా, నా పత్రం నువ్వు వెయ్యి అనే పద్ధతి పరిశోధకులకు ఇప్పటికే వచ్చు కనుక శిక్షణ ఖర్చు ఉండదు. అయితే చెరువులో జనం ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గర రొట్టె పుచ్చుకుంటారు, వీళ్లు కూడా అలాగే పుచ్చుకోవాలి. ఇంటి నుంచి తెచ్చిన రొట్టె తామే తినేవాళ్లను, అంటే తమ పత్రాలను తామే ఉదహరించుకునేవాళ్లను, పత్రం పాసవ్వాలంటే ముందు నా రొట్టెలు మూడు తీసుకో అనే రివ్యూయర్లను పోలీసులు గట్టుమీదే ఆపాలి. విద్యార్థులు గైడు గారికి ఇచ్చే రొట్టెలను లెక్కలో కలపకూడదు. కలిపితే చెరువులో ఆ ఒక్క క్యూ తప్ప ఇంకేమీ కనిపించదు.