బిల్లుకో న్యాయం, వీలునామాకో న్యాయం

గౌరవంగా మరణించడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన హక్కేనని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తేల్చింది. లివింగ్ విల్, అంటే కోలుకోలేని స్థితిలో తనకు ఏ వైద్యం వద్దో మనిషి ముందే రాసిపెట్టుకునే వీలునామా, చెల్లుతుందంది. పార్లమెంటు చట్టం చేసేదాకా తన మార్గదర్శకాలే అమలవుతాయంది. చట్టం మాత్రం రాలేదు. లా కమిషన్ 2006లోనే చట్టానికి ముసాయిదా బిల్లు రాసిచ్చింది, కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ఒక ముసాయిదా, 2024లో ఇంకో ముసాయిదా వదిలింది. ముసాయిదాలకేం కొదవ లేదు!

ఈలోగా ఆస్పత్రుల్లో ఏం జరుగుతోంది? బిల్లు కట్టలేని కుటుంబం 'డాక్టర్ల సలహా కాదని మా సొంత పూచీపై తీసుకెళ్తున్నాం' అని ఒక్క సంతకం పెడుతుంది. వెంటిలేటర్ తీసేస్తారు. అంబులెన్సులో అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) నొక్కుతూ ఇంటికి చేరుస్తారు. కొందరు దారిలోనే పోతారు. నొప్పి తెలియకుండా చూసే మందు కూడా చాలామందికి దక్కదు. దీనికి ఏ మెడికల్ బోర్డూ కూర్చోదు, మేజిస్ట్రేటుకు కబురు వెళ్లదు. రోగి ఏం కోరుకున్నాడని అడిగే నాథుడే ఉండడు.

అదే మనిషి స్పృహలో ఉండగా 'కోలుకునే ఆశ లేకపోతే నన్ను యంత్రాల మీద ఉంచొద్దు' అని రాసిపెట్టుకుంటే? ఇద్దరు సాక్షులు కావాలి. నోటరీయో గెజిటెడ్ అధికారో ధ్రువీకరించాలి. తీరా ఆ రోజొచ్చాక ముగ్గురు డాక్టర్ల బోర్డు, దానిపైన జిల్లా వైద్యాధికారి ప్రతినిధితో ఇంకో ముగ్గురి బోర్డు. ఆపైన మేజిస్ట్రేటుకు సమాచారం. 2023 జనవరిలో సుప్రీంకోర్టే నిబంధనలు సడలించిన తర్వాత కూడా ఇంత తతంగం ఉంది!

ఆస్తి కోసం అయినవాళ్లే దుర్వినియోగం చేస్తారన్న భయం కొట్టిపారేసేది కాదు. బోర్డులు వద్దని మేమూ అనడం లేదు. కానీ ఆస్తి మీద కన్నేసినవాడు రెండు బోర్డుల చుట్టూ ఎందుకు తిరుగుతాడు? సొంత పూచీ కాగితం చేతికందేంత దూరంలోనే ఉంది కదా! డబ్బు లేదంటే తలుపు బార్లా తెరుస్తున్నారు, నా ఇష్టమంటే తాళాల మీద తాళాలు వేస్తున్నారు. ఇది రోగికి రక్షణా, వ్యవస్థ తన చేతికి మట్టంటకుండా చూసుకోవడమా?

డాక్టర్ల టెన్షన్ వేరు. తీర్పు ప్రకారమే నడుచుకున్నా రేపు పోలీసు కేసు పడదన్న గ్యారంటీ లేదు. అందుకే చాలామంది బోర్డు మాటెత్తరు, సొంత పూచీ కాగితమే ముందుకు తోస్తారు. ఆ గ్యారంటీ చట్టమే ఇవ్వాలి.

లివింగ్ విల్ కాపీని పంచాయతీ లేదా మున్సిపాలిటీ అధికారి భద్రపరచాలని కోర్టు చెప్పింది. మహారాష్ట్రలో హైకోర్టులో వ్యాజ్యం పడ్డాకే అలాంటి అధికారులను నియమించారు. కర్ణాటక 2025 జనవరిలో తీర్పు అమలుకు ఉత్తర్వులిచ్చింది. ఇంకా కదలని రాష్ట్రాలు ఎవరి కోసం ఆగుతున్నాయి? బిల్లు కట్టలేనివాడి ఊపిరి ఆగితే ఒక్క ఫైలూ కదపని ప్రభుత్వాలకు, తన మాట తాను రాసుకున్నవాడిని ఆరుగురు డాక్టర్లు దాటి రమ్మనే నైతిక హక్కు ఎక్కడిది? ముందు ప్రతి మున్సిపాలిటీలో ఆ కాపీ తీసుకునే అధికారి ఎవరో ప్రకటించండి. దానికి పార్లమెంటుతో పనిలేదు.