ఆదివారపు కష్టజీవుల హక్కుల గురించి

మొన్నటి ఆదివారం పొద్దున ఆరు గంటల ఇరవై నిమిషాలకు, హన్మకొండ నుంచి ములుగు వైపు పోయే 163వ నంబరు జాతీయ రహదారి మీద, ఆత్మకూరు దాటిన కాసేపటికి, మా సైక్లింగు బృందానికి తీవ్రమైన అన్యాయం జరిగింది. హెల్మెట్లు, నల్ల కళ్ళద్దాలు, వేళ్ళు బయటికి కనిపించే చేతితొడుగులు ధరించి, ఒకరి వెనుక ఒకరం క్రమశిక్షణతో సాగిపోతున్న మా ఏడుగురిని ఒక గీత కార్మికుడు తన పాత ఇనుప సైకిలు మీద దాటిపోయాడు. అతని భుజాన మోకు ఉన్నది, క్యారియరుకు రెండు పక్కలా ఖాళీ కల్లు లొట్లు వేలాడుతున్నాయి, కాళ్ళకు హవాయి చెప్పులు, నోట్లో వేపపుల్ల. దాటినవాడు దాటినట్టు పోతే సరిపోయేది. తల వెనక్కి తిప్పి, వేపపుల్లను ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకుని, "ఏమైంది సారూ, గాలి పోయిందా?" అని అడిగాడు.

గాలి పోలేదు. మా టైర్లలో చదరపు అంగుళానికి తొంభై పౌండ్ల ఒత్తిడి ఉన్నదని బయలుదేరే ముందు చౌరస్తాలో వీధిదీపం కింద ముగ్గురం కొలిచి చూసుకున్నాం. అయినా నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ ఒక్క ప్రశ్న గురించి కాదు, దాని వెనుక ఉన్న ధోరణి గురించి. కష్టమన్నది వారానికి ఒక్కసారి, సొంత ఖర్చుతో, తగిన దుస్తులు వేసుకుని పడవలసిన విషయమన్న ఎరుక లేకుండా, రోజూ ఉచితంగా, లుంగీ ఎగగట్టి కష్టపడే జనం మన జిల్లాల్లో ఇంకా చాలామంది ఉన్నారు. వారిని ఏ కట్టుబాటూ లేకుండా రోడ్ల మీదికి వదిలేయడం వల్ల మావంటి అసలు సిసలు కష్టజీవుల మనోధైర్యం దెబ్బతింటున్నది.

మేము అంటే ఎవరమో చెప్పాలి. ఒక బ్యాంకు అధికారి, ఒక దంతవైద్యుడు, ఒక డిగ్రీ కాలేజీ లెక్చరర్, ఇంటి నుంచే కొలువు చేసే ఇద్దరు సాఫ్ట్‌వేర్ తమ్ముళ్ళు, ప్లాట్లు అమ్మే ఒక అన్న, నేను. సోమవారం నుంచి శనివారం దాకా లిఫ్టు పని చేయకపోతే మొదటి అంతస్తులో ఉన్న ఇంటికి పోకుండా కిందనే కుర్చీ వేయించుకుని కూర్చునే స్వభావం మా అందరిదీ. ఆదివారం మాత్రం తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తాం. అందుకోసం త్వరగా పడుకోవాలని శనివారం రాత్రి పదకొండున్నర దాకా వాట్సాప్‌లో ఒకరికొకరం గట్టిగా చెప్పుకుంటాం.

నా సైకిలు గురించి మా ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ చెప్పక తప్పదు. మా బాపు పదిహేనేళ్ళ పాటు ధర్మసాగర్ దగ్గరి మా ఊరి నుంచి హన్మకొండకు రోజూ సైకిలు తొక్కి కొలువు చేశాడు. స్కూటర్ కొన్ననాడు ఆ సైకిలును పాత ఇనుప సామాను వాడికి అమ్మి, వచ్చిన పైసలతో వాడకట్టంతా మిఠాయి పంచాడు. అటువంటి మనిషి నేను తెచ్చిన కొత్త సైకిలు చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని రెండుసార్లు తిరిగి, "స్టాండేదిరా?" అని అడిగాడు. ఉండదన్నాను. "క్యారియరు?" అదీ ఉండదన్నాను. బెల్లు, మడ్‌గార్డు, చైను కవరు, డైనమో, ఒక్కొక్కటే అడిగాడు, ఒక్కొక్కటే లేదని చెప్పాను. "మరి లక్షా పదివేలు దేనికి పెట్టినవ్‌రా?" అంటే, "ఆ లేనివాటికే బాపూ" అని సగర్వంగా జవాబిచ్చాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత అమ్మను పిలిచి మంచినీళ్ళు అడిగాడు.

పెద్దలకు అర్థం కాకపోయినా ఇందులో లోతైన ఆర్థికశాస్త్రం ఉన్నది. ఇరవై కిలోల పైచిలుకు బరువుండే ఇనుప సైకిలు వేలల్లో దొరుకుతుంది, ఎనిమిది కిలోలది లక్షల్లో దొరుకుతుంది, అంటే మనం డబ్బు కట్టేది ఉన్న బరువుకు కాదు, పోయిన బరువుకు. ఇది హద్దు దాటకుండా అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పోటీ సైకిలు 6.8 కిలోలకు తక్కువ ఉండరాదని 2000 సంవత్సరం నుంచి నియమం పెట్టింది. మా దంతవైద్యుడు ఆ నియమం తనను అడ్డుకునే రోజు కోసం పట్టుదలగా కృషి చేస్తున్నాడు. మొన్న సీటు కింది ఇనుప కడ్డీ తీయించి కార్బన్ కడ్డీ పెట్టించాడు, మూడు వందల గ్రాములు తగ్గాయి. ఆయన సొంత బరువు తొంభై నాలుగు కిలోలు, కానీ అది కుటుంబ విషయం కనుక మేము జోక్యం చేసుకోము.

బరువు తగ్గించే విద్య మన ప్రాంతానికి కొత్త కాదని మా లెక్చరర్ వాదన. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి శిఖరానికి నీటి మీద తేలేటంత తేలికైన ఇటుకలు వాడారు, పునాదిలో ఇసుక నింపి భూమి అదిరినా గుడి అదరకుండా చూశారు. అంటే కార్బన్ ఫ్రేమును, సస్పెన్షన్‌ను కాకతీయులు ఎనిమిది వందల ఏళ్ళ కిందటే సాధించారని, 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు సైకిలు కోణాన్ని మాత్రం పూర్తిగా విస్మరించిందని ఆయన గుడి ముందరి పచ్చికలో నలభై ఐదు నిమిషాలు ఉపన్యసించాడు. హన్మకొండ నుంచి అంత దూరం తొక్కివచ్చాక మాలో ఎవరికీ లేచి పక్కకు పోయే శక్తి లేకపోవడంతో సభ నిండుగా జరిగింది.

నెలలో రెండు ఆదివారాలు సైకిళ్ళను గోడకు ఆనించి దేవునూరు దగ్గరి ఇనుపరాతి గుట్టల్లో పరుగుకు పోతాం. రోడ్డు ఉన్న చోట ఉరికితే దానిని పరుగు అంటారు, రోడ్డు లేని చోట ఉరికితే ట్రయల్ రన్నింగ్ అంటారు, రెండోదానికి అడుగున గుబ్బలున్న వేరే బూట్లు, వీపున గొట్టమున్న నీళ్ళసంచి కావాలి. ఆల్ప్స్ పర్వతాల్లో మౌంట్ బ్లాంక్ చుట్టూ ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మూడు దేశాల మీదుగా సుమారు 170 కిలోమీటర్ల పందెం 2003 నుంచి జరుగుతున్నది, అందులో ఎక్కవలసిన ఎత్తులన్నీ కలిపితే పదివేల మీటర్లు ఉంటుంది. మా గుట్టలు అంత ఎత్తు కావని ఒప్పుకుంటాను. అయితే ఆల్ప్స్‌లో సర్కారు తుమ్మ లేదన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. మేము ఉరికే బాటను మొదట మేకలు వేశాయి, తరువాత మేము వచ్చి దానిని జీపీఎస్‌లో ఎక్కించి, ఒక ఇంగ్లీషు పేరు పెట్టి, కనుగొన్నాం.

ఆ బాట మీదనే ఒక మేకలకాపరి అవ్వ మాకు ఎదురైంది. కొడవలి కట్టిన పొడుగు కర్రతో కొమ్మలు వంచి మేకలకు ఆకు కోసి వేస్తున్నది. రొప్పుతూ వస్తున్న మమ్మల్ని చూసి చేతి పని ఆపి, "ఏం బిడ్డా, గింత పొద్దుగాల ఉరుకుతున్నరు, ఎవలన్న పోయిండ్రా?" అని అడిగింది. ఎవరూ పోలేదన్నాం. "మరి ఎవలన్న తరుముతున్నరా?" అదీ లేదన్నాం. "గట్టు మీద ఏమున్నది మరి?" ఏమీ లేదు, ఎక్కి మళ్ళీ దిగుతామని వివరించాం. ఆమె ఒకసారి మేకల వైపు, ఒకసారి మా వైపు చూసి, "నా మేకలు సుత ఊకెనే ఎక్కయి బిడ్డా" అన్నది.

అవ్వ మాటను కాదనను గానీ, ఆమెకు తెలియని సంగతి ఒకటున్నది. మేకల కాళ్ళకు గుండె వేగం కొలిచే గడియారాలు లేవు, నాకున్నది. మనిషి గుండె గరిష్ఠంగా నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో అంచనా వేయడానికి 220 నుంచి వయసు తీసేయాలన్న పాత లెక్క ఒకటి వాడుకలో ఉన్నది. నాకు నలభై ఏడేళ్ళు కనుక 173 రావాలి. గుట్ట నడిమిట్లో ఒక బండకు అతుక్కుని గడియారం చూసుకుంటే 181 అని ఉన్నది. 220 నుంచి 181 తీసేస్తే ముప్పై తొమ్మిది. అంటే ఆ గుట్ట సగం ఎక్కేసరికే నాకు ఎనిమిదేళ్ళ వయసు తగ్గిందని గణితం చెబుతున్నది. శిఖరం దాకా పోయి ఉంటే పెళ్ళికి ముందు వయసుకు చేరేవాణ్ణేమో, కళ్ళు తిరగడం వల్ల సాధ్యపడలేదు.

బ్యాంకు అధికారి గురి వేరు, ఆయనది ప్యారిస్. ప్యారిస్ నుంచి బ్రెస్ట్‌కు పోయి మళ్ళీ ప్యారిస్ చేరే ఆ సైకిలు సవారీ 1891లో మొదలైంది, ఇప్పుడు నాలుగేళ్ళకు ఒకసారి జరుగుతుంది, 1200 కిలోమీటర్లను తొంభై గంటల్లో పూర్తి చేయాలి, మళ్ళీ 2027లో ఉన్నది. దానికి అర్హత రావాలంటే 200, 300, 400, 600 కిలోమీటర్ల సవారీలు గడువు లోపల ముగించాలి, 200కు ఇచ్చే గడువు పదమూడున్నర గంటలు. ప్యారిస్ అని బయలుదేరిన మా అధికారి ఇప్పటికి పరకాల దాకా చేరాడు. ఇటువంటి సవారీల్లో ఫలానా ఊరికి వచ్చామనడానికి దుకాణం రసీదు కూడా సాక్ష్యంగా చెల్లుతుందని తెలిసి, ఆయన తొక్కుడు కన్నా ముందు రసీదుల సేకరణ మొదలుపెట్టాడు. పరకాలలో చాయ్ హోటలు యజమాని రసీదు పుస్తకం లేక, పాత పేపరు ముక్క మీద "ఒక చాయ్, ఒక ఉస్మానియా బిస్కెట్, ఇచ్చినాము" అని రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. దానిని లామినేషన్ చేయించారు.

మళ్ళీ గీత కార్మికుడి దగ్గరికి వస్తాను. ఆ రాత్రి మా బృందం అత్యవసరంగా సమావేశమై సాక్ష్యాలన్నీ పరిశీలించింది. మేము మా సవారీలను నమోదు చేసుకునే యాప్‌లో ఆ రోడ్డు మీద ఆ సమయంలో ఏడుగురే ఉన్నారు, ఎనిమిదో మనిషి లేడు. రికార్డు కాని వేగం వేగం కాదు, రికార్డులో లేని మనిషి రోడ్డు మీద లేడు, కనుక మమ్మల్ని ఎవరూ దాటలేదు. ఈ తీర్పు ఏకగ్రీవంగా ఆమోదం పొందిన తరువాతనే మా లెక్చరర్ అన్నం ముట్టాడు. అయినా ఇటువంటివి మళ్ళీ జరగకుండా ఆదివారాలు తొమ్మిది గంటల దాకా పాలక్యాన్ల వారు, కూరగాయల గంపల వారు, పేపరు వేసే పిల్లలు, గీత కార్మికులు మా వెనుక ఇరవై మీటర్ల దూరం పాటించేలా, అది కుదరకపోతే కనీసం ఒక్కొక్కరు ఒక గడియారం కట్టుకునేలా ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలని మనవి. కుక్కల గురించి వేరే వినతిపత్రం ఉన్నది.

ఆ సమావేశానికి నేను చెప్పని భాగం ఒకటి మిగిలింది. ములుగు ముందర గట్టమ్మ తల్లికి దండం పెట్టుకుని తిరిగి వస్తుండగా, లారీకి దారి ఇవ్వబోయి రోడ్డు దిగాను, వెనుక చక్రానికి పల్లేరుకాయ దిగింది. ఆ కాయ ఎటు పడినా ఒక ముల్లు ఆకాశం వైపే చూస్తుంటుంది, పది నెలల వాయిదాల మీద కొన్న టైరుకు, పాత చెప్పుకు అది తేడా చూపదు. స్పేర్ ట్యూబు బరువని దంతవైద్యుడు ఇంట్లో పెట్టి వచ్చాడు. పంపు ఉన్న తమ్ముడు తన సగటు వేగం పడిపోతుందని అప్పటికే ముందుకు పోయాడు, మిగతావారు ఆయన సగటును కాపాడడానికి వెంట పోయారు.

నడిపించుకుంటూ పోతే రోడ్డు పక్కన ఒక పంచర్ షాపు దొరికింది. పెద్దాయన ట్యూబు బయటికి తీసి, నీళ్ళ బేసిన్‌లో ముంచి, బుడగ లేచిన చోట బొటనవేలు పెట్టి, తుడిచి, గీకి, సొల్యూషన్ రాసి ఊది, పట్టీ అతికించి సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టాడు, మొత్తం పది నిమిషాల పని. గాలి కొట్టే దగ్గర కథ ఆగింది. నా వాల్వు సన్నది, పెన్సిల్ మొనలా ఉంటుంది, దాని కొసన చిన్న మర తిప్పితేనే గాలి తీసుకుంటుంది, ఆయన పంపు గొట్టం దాన్ని పట్టుకోలేక బుస్సుమని జారిపోతున్నది. గుడ్డ చుట్టి చూశాడు, వేళ్ళతో బిగించి చూశాడు, చివరికి కళ్ళజోడు సవరించుకుని, "సారూ, ఇది సైకిల్‌దేనా?" అన్నాడు. ఆ రెండింటినీ కలపడానికి గోరంత ఇత్తడి బిళ్ళ ఒకటి దొరుకుతుంది. నా దగ్గర మూడు ఉన్నాయి, మూడూ ఇంట్లో సొరుగులో ఉన్నాయి.

అప్పుడు నిండిన లొట్లతో, నురగ కారుతుండగా, పొద్దుటి గీత కార్మికుడు తిరిగి వస్తూ ఒక కాలు నేల మీద ఆనించి ఆగాడు. "ఇప్పుడు పోయిందా సారూ?" అని అడిగాడు. పోయిందని ఒప్పుకున్నాను. అతడు ఇంకేమీ అనకుండా, టమాటా ట్రేలు దించి ఖాళీగా పోతున్న ఒక ట్రాలీ ఆటోను చెయ్యెత్తి ఆపి, నా సైకిలును ఒంటిచేత్తో లేపి అందులో పెట్టాడు. "మస్తు తేలిగ్గున్నది సారూ, మంచిదే కొన్నవ్" అన్నాడు. లక్షా పదివేలకు నాకు దొరికిన మొదటి మెచ్చుకోలు అది.

ట్రేల మధ్య కూర్చుని హన్మకొండ చేరాను. గడియారం ఆపడం మరచిపోయానన్న సంగతి స్నానానికి పోయేటప్పుడు గుర్తుకు వచ్చింది, అప్పటికే అది వివరాలన్నీ యాప్‌కు పంపేసింది. ఆత్మకూరు నుంచి హన్మకొండ దాకా సగటున గంటకు నలభై మూడు కిలోమీటర్లు, ఆ దారిలో ఇప్పటిదాకా నమోదైన వేగాల్లో మొదటి స్థానం, గుండె వేగం మాత్రం డెబ్బై రెండు. అరవై మూడు మంది అభినందించారు. అంత వేగంలో అంత తక్కువ గుండె వేగం ఎలా సాధ్యమైందో అందరికీ వివరించాలని దంతవైద్యుడు గ్రూపులో కోరాడు. వచ్చే ఆదివారం చెబుతానన్నాను. ట్రాలీ డ్రైవరు నంబరును ఫోన్‌లో "కోచ్" అన్న పేరుతో దాచుకున్నాను.