గోడ వెనక చావు

నిన్న రాత్రి నేను గోడ వెనక చచ్చిపోయాను. పూర్తిగా వెనక్కి చేరి, హమ్మయ్య అనుకుని, తుపాకీలో గుళ్లు నింపుకుంటున్న సమయంలో. నా అరుపుకు పక్కగదిలో చదువుకుంటున్న (అని మేమంతా నమ్ముతున్న) మేనల్లుడు పరుగెత్తుకొచ్చాడు.

"వాడెవడో దొంగాట ఆడుతున్నాడురా! గోడలోంచి కాల్చాడు."

వాడు తెర మూలన ఎర్రగా వెలుగుతున్న అంకె చూశాడు. "మామయ్యా, నీ పింగ్, అంటే ఈ ఆన్‌లైన్ ఆటను నడిపే దూరపు కంప్యూటర్‌కు, అదే సర్వర్‌కు, నీ కబురు పోయి రావడానికి పట్టే సమయం, 180 మిల్లీ సెకన్లు. నువ్వు గోడ వెనక్కి చేరింది నీ తెర మీదే. సర్వర్ లెక్కలో ఇంకా బయటే ఉన్నావు."

అసలు ఆట సర్వర్‌లో జరుగుతుందట. నేను మీట నొక్కితే అది అక్కడికి అర్జీలా వెళుతుంది. ఈ ఆటలో సర్వర్ సెకనుకు 64 సార్లు అర్జీలు తిరగేస్తుంది. జవాబు వచ్చేదాకా బొమ్మను నిలబెడితే నేను విసుక్కుంటానని, నా కంప్యూటర్ ముందే ఊహించి నన్ను పరుగెత్తించేస్తుంది. అంటే ఇన్నాళ్లూ నేను చూసి మురిసిపోయిన పరుగంతా నన్ను బుజ్జగించడానికి!

"మరి వాడి గుండు?"

"వాడు కాల్చిన క్షణంలో వాడి తెర మీద నువ్వెక్కడున్నావో సర్వర్ కాలాన్ని కాస్త వెనక్కి తిప్పి చూస్తుంది. అప్పుడు నువ్వు గోడ బయట ఉంటే, తగిలినట్టే."

పాత తేదీ వేసి మరణ ధ్రువపత్రం ఇచ్చే కార్యాలయం అన్నమాట.

మేనల్లుడు అక్కడితో ఆగలేదు. సర్వర్ 5,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నా, ఫైబర్ తీగలో కాంతి పోయి రావడానికి 50 మిల్లీ సెకన్లు చాలు. మిగతాది ఎవరు తింటున్నారని ఇల్లంతా వెతికాడు. దొంగ నా జేబులోనే దొరికాడు. నా ఫోను పెళ్లి వీడియోలన్నిటినీ భద్రపరచడానికి ఎక్కడికో పంపుతోంది. మా ఇంటి నుంచి బయటికి పోయే దారే ఇరుకు. అందులో ముందు బంధువుల ఊరేగింపు, దాని వెనక వరసలో నా ప్రాణం.

ఊరేగింపు ఆపాం. పింగ్ 55కి దిగింది. మళ్లీ ఆటలో దిగిన రెండో నిమిషంలోనే ఒకడు తలుపు చాటుకు దూకుతుంటే కాల్చాను. తలుపు అవతల కూలాడు. వెంటనే, తాను ఎప్పుడో లోపలికి వెళ్లిపోయానని, ఇది అన్యాయమని, నేను దొంగనని మూడు వరసలు రాశాడు.

మేనల్లుడు నావైపు చూశాడు.

"పింగ్ చూసుకోమని చెప్పరా" అని గుళ్లు నింపుకున్నాను.