గాంభీర్యానికి ముప్పు: బకెట్లు నిషేధించండి

ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేముల్లో, అంటే మనమే ఓ వీరుడి పాత్ర ధరించి ఆడే వీడియో ఆటల్లో, హాస్యం హద్దు మీరుతోంది. లోకం మునిగిపోతుంటే ఇకఇకలేమిటి? గాంభీర్యాభిమానులంతా ఒక్కతాటి మీదికి రావాలి.

మొదటి ముద్దాయి 1998 నాటి 'బాల్డర్స్ గేట్'లోని మిన్స్క్. తలకు దెబ్బ తగిలిన మహాయోధుడు, వెంట బూ అనే చిట్టెలుక. అది అంతరిక్షంలోని మహాకాయ జాతిదట, కాకపోతే పొట్టి రకమట! మనవాడు దాన్నే సలహా అడుగుతాడు. అసలు నేరం ఏమిటంటే, ఒక్కసారైనా మనవైపు చూసి కన్నుగీటడు. మనస్ఫూర్తిగా నమ్ముతాడు. అందుకే ఆ జోక్ పాతబడక, 2023లో మూడో భాగంలోకీ దర్జాగా వచ్చేసింది.

'డయాబ్లో 2' ఆవులు ఇంకా ప్రమాదకరం. ఆట ముగించాక ట్రిస్ట్రమ్ అనే ఊరి నుంచి విర్ట్ అనే కుర్రాడి కొయ్యకాలు తెచ్చి, ఊరికి దారి తెరిచే టౌన్ పోర్టల్ పుస్తకంతో కలిపి హొరాడ్రిక్ క్యూబ్ అనే మాయపెట్టెలో వేసి, మొదటి అంకం శిబిరంలో మీట నొక్కాలి. పుస్తకం బదులు అదే మంత్రమున్న విడి స్క్రోల్ వేస్తే ఏమీ కాదు. ఎర్ర ద్వారం తెరుచుకుంటే లోపల రెండు కాళ్ల మీద నడిచే ఆవులు, చేతుల్లో పొడవాటి గండ్రగొడ్డళ్లు. నవ్వుతూ వెళ్లినవాణ్ని చుట్టుముట్టి నరికేస్తాయి. చావు మాత్రం, ఒప్పుకోవాలి, గంభీరంగానే ఉంటుంది.

మన ఉద్యమానికి చరిత్ర లేకపోలేదు. 2008లో 'డయాబ్లో 3' తొలి దృశ్యాలు చూసి, రంగులు మరీ ఎక్కువయ్యాయని మనవాళ్లు సంతకాలు సేకరించారు. ఫలితంగా 2012లో ఆ ఆటలో విమ్సీషైర్ అనే రహస్య ప్రాంతం వచ్చింది: ఇంద్రధనుస్సులు, నవ్వే మేఘాలు, మీదపడే యునికార్న్‌లు. అక్కడికి వెళ్లాలంటే నల్ల పుట్టగొడుగు, లియోరిక్ కాలి ఎముక, గొణిగే రత్నం, ద్రవ ఇంద్రధనుస్సు, లక్ష బంగారు నాణేలు పోసి కొన్న విర్ట్ గంట పోగేసి కమ్మరి చేత కర్ర చేయించుకోవాలి. మన పోరాటానికి దక్కిన ఏకైక స్మారక చిహ్నమది.

2011 నాటి 'స్కైరిమ్' సంగతి వేరు. మోకాలికి బాణం తగిలిందన్న కాపలాదారు మాట ఒకసారి వింటే బాగానే ఉంటుంది. ఊరూరా అదే వినిపిస్తే చిరాకేయక ఏమవుతుంది? అక్కడ మాట తప్పు కాదు, మోతాదు తప్పు. అయితే ఆ ఆటలో అసలు కామెడీ ఎవరూ రాయనిది. దుకాణదారు చూపును ఆట అతని తల నుంచి లెక్కగడుతుంది. కాబట్టి బకెట్ ఎత్తి అతని నెత్తిన బోర్లిస్తే కొట్టంతా ఖాళీ చేయొచ్చు. ఎంత విషాద కథ రాసినా ఆ బకెట్ ముందు దిగదుడుపే.

ఇక 'విచర్ 3'లో కూతురిలా పెంచిన సిరిని వైల్డ్ హంట్ అనే దండు తరుముతుంటే, కథానాయకుడు గెరాల్ట్ ఎదురుపడ్డ వ్యాపారినల్లా గ్వెంట్ పేకాటకు పిలుస్తాడు. దీనికి మందు, ఆటలోని పనులకు గడువు పెట్టడమేనని వాదించవచ్చు. తీరా 2018లో 'పాత్‌ఫైండర్: కింగ్‌మేకర్' నిజంగానే గడువులు పెడితే, తీరిగ్గా తిరగనివ్వడం లేదని మొరపెట్టుకున్నదీ మనవాళ్లే. అందుచేత గడువు డిమాండును ప్రస్తుతానికి వాయిదా వేస్తున్నాం. బకెట్ల విషయంలో మాత్రం వెనక్కి తగ్గేది లేదు.