సిమ్ ఉంటే బ్రాడ్‌బ్యాండ్ ఉన్నట్టేనా?

పోయిన వేసవిలో ఊరెళ్లినప్పుడు మా అక్క కూతురు డాబా మెట్ల మీద కూర్చుని ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోచింగ్ క్లాసు వింటోంది. ఇంట్లో సిగ్నల్ అందదు. నాలుగో మెట్టు ఎక్కితే రెండు గీతలు వస్తాయి. లెక్క సగంలో ఉండగానే ఆ రోజు డేటా అయిపోయిందని మెసేజ్ వచ్చింది. సార్ బొమ్మ అలాగే బిగుసుకుపోయింది. "మామయ్యా, నీ హాట్‌స్పాట్ ఇవ్వవా?" అంది, టెన్షన్‌గా.

మన దేశపు లెక్కల్లో ఆ సిమ్ కూడా బ్రాడ్‌బ్యాండే. 2004లో బ్రాడ్‌బ్యాండ్ అనాలంటే కనీసం 256 కేబీపీఎస్ (సెకనుకు ఇన్ని కిలోబిట్లు) వేగం ఉండాలన్నారు. 2013లో దాన్ని 512కు, 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్‌కు, అంటే సుమారు 2,000 కేబీపీఎస్‌కు పెంచారు. నెట్ తీగలో వస్తోందా, గాల్లో వస్తోందా అని అడగరు. అందుకే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల్లో బ్రాడ్‌బ్యాండ్ చందాదారులు 90 కోట్లు దాటారు. అందులో ఇంటికి తీగ వేయించుకున్నవాళ్లు 4 కోట్లకు పైనే. మిగతావాళ్లలో దాదాపు అందరిదీ మొబైల్ నెట్టే.

ఇక్కడే నాకు అభ్యంతరం. రోజు కోటా అయిపోగానే చాలా ప్రీపెయిడ్ ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే 2004లో పెట్టుకున్న హద్దులో నాలుగో వంతు. అప్పుడు కూడా పట్టికలో ఆ నంబరు బ్రాడ్‌బ్యాండ్ కిందే ఉంటుంది. పైగా మన నిర్వచనం డౌన్‌లోడ్ వేగం గురించే చెబుతుంది, అప్‌లోడ్ ఊసే లేదు. వీడియో కాల్‌లో డాక్టరుకు మన ముఖం కనిపించాలన్నా, అసైన్‌మెంట్ పంపాలన్నా కావాల్సింది అదే. అమెరికాలో ఇంటి నెట్‌కు 2024 నుంచి 100 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్‌తో పాటు 20 అప్‌లోడ్ కూడా ఉండాలంటున్నారు. మొబైల్ నెట్ ఇంటి నెట్‌కు పూర్తి ప్రత్యామ్నాయం కాదని 2018లోనే అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తేల్చింది.

అలాగని తీగ లేనిదంతా తీసిపారేయమనడం లేదు. పాడేరు, చింతపల్లి కొండల్లో ప్రతి గూడేనికీ ఫైబర్ లాగడం ఎంత కష్టమో చూస్తేనే తెలుస్తుంది. మైదానంలో కూడా రోడ్డు వెడల్పు చేయడానికి జేసీబీ దిగితే ఫైబర్ తెగి రెండు మూడు రోజులు నెట్ ఉండదు. డాబా మీద యాంటెన్నా బిగించి, ఇంట్లో రౌటర్ పెట్టి ఇచ్చే 5జీ ఎయిర్‌ఫైబర్ లాంటివి ఇంటిల్లిపాదికీ పనికొస్తున్నాయి. వాటిని బ్రాడ్‌బ్యాండ్ అనడానికి నాకు ఇబ్బంది లేదు. కాకపోతే టవర్ సామర్థ్యాన్ని అందరూ పంచుకోవాలి కాబట్టి, రాత్రి 8 గంటలకు ఊరంతా నెట్ మీద ఉన్నప్పుడు ఎంత వేగం వస్తోందో కొలిచి చెప్పాలి.

మాటల తేడాయే కదా అనుకోవడానికి లేదు. సిమ్ ఉన్న ప్రతి ఊరూ "బ్రాడ్‌బ్యాండ్ అందిన ఊరు" అయిపోతే, కేంద్ర ప్రభుత్వ పథకం భారత్‌నెట్ కింద పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన ఫైబర్‌ను పక్క వీధిలోని ఇళ్లకు చేర్చే తొందర ఎవరికుంటుంది? ట్రాయ్ పట్టికలో సిమ్‌ల లెక్కతో పాటు ఇళ్ల లెక్క కూడా ఉండాలి. రోజు కోటా లేకుండా, ఇద్దరు పిల్లలు ఒకేసారి క్లాసు వినగలిగే నెట్ ఎన్ని ఇళ్లలో ఉందో జిల్లాలవారీగా చెప్పాలి.