తారోఫ్ గారికి బందరు మనిషి ఫిర్యాదు

మహారాజశ్రీ ఇరాన్ మర్యాద తారోఫ్ గారి సముఖమునకు,

బందరు వాస్తవ్యుడు నమస్కరించి రాయునది ఏమనగా, మీ మూలంగా నా ప్రయాణం చెడింది. కాస్పియన్ ఒడ్డున ఒక్కరోజులో మూడు ఊళ్లు తీరికగా చూద్దామని బయలుదేరాను. రామ్‌సర్, చాబొక్‌సర్, చివరికి బందర్ అన్జలీ. బందరంటే మీ పారసీలో రేవు. మా ఊరికి ఆ పేరు మీ భాష పెట్టిన భిక్షే కాబట్టి, చుట్టపుచూపుగా అన్జలీ వెళ్లాలనుకున్నాను.

రామ్‌సర్‌లో టాక్సీ దిగి ఎంతివ్వాలని అడిగాను. డ్రైవరు గుండె మీద చెయ్యి వేసుకుని "ఘాబెలీ నదారే" అన్నాడు. మీ ముందు ఇదేపాటి అని అర్థమట. ఎంత మంచివాడో అనుకుని దణ్ణం పెట్టి నడిచాను. నాలుగడుగులు వేశానో లేదో, వెనక హారన్! ఆ మాట అన్నది ఆయన కాదు, ఆయన నోట మీరు. ఆయన వద్దంటూ ఉండాలి, నేను ఇస్తానంటూ ఉండాలి, మూడోసారికి గానీ ధర బయటికి రాదు. వచ్చిందీ తోమాన్లలో. నా చేతిలోవి రియాళ్లు, పది కలిస్తే ఒక తోమాను. లెక్కలో కూడా పైకి చెప్పేది ఒకటి, లోపల ఉన్నది ఒకటి!

మాకూ మొహమాటం అని మీ తమ్ముడొకడున్నాడు. పాపం, వాడు విస్తరి మీద రెండు చేతులు అడ్డం పెట్టడంతోనే అలసిపోతాడు.

చాబొక్‌సర్ ఒడ్డున తివాచీ పరచుకుని కూర్చున్న కుటుంబంలోంచి ఒక ముసలావిడ "బెఫర్మాయీద్" అని పిలిచింది. నేర్చిన పాఠం ప్రకారం మూడుసార్లు వద్దన్నాను. తీరా చూస్తే ఆవిడది నిజమైన పిలుపు. కాల్చిన వంకాయలో వెల్లుల్లి, టమాటా, గుడ్లు కలిపిన మీర్జా ఘాసెమీ పెట్టారు. మా వంకాయ పచ్చడికి మేనమామ పోలిక. తర్వాత టీ. హైదరాబాదులో ఇరానీ చాయ్ పేరుతో తాగే పాల చిక్కదనం ఇందులో ఎక్కడిది? సన్ననడుము గాజు గ్లాసులో ఎర్రటి డికాక్షన్, పళ్ల మధ్య చక్కెర బిళ్ల. గ్లాసు ఖాళీ చేస్తే నింపారు. నింపింది వదిలేస్తే, చల్లారిందని పారబోసి వేడిది పోశారు. ఏడు గ్లాసులు!

"మీ చెయ్యి నొప్పి పుట్టకూడదు" అని పారసీలో కృతజ్ఞత చెప్పాను. "మీ తల నొప్పి పుట్టకూడదు" అందావిడ. అప్పటికే పుట్టింది.

లేవబోతుంటే నా మంగళగిరి కండువా అంచు వేళ్లతో తడిమి, బాగుందని తలూపింది. నా నోరు ఊరుకోలేదు, "ఘాబెలీ నదారే" అన్నాను. ఆవిడ మూడుసార్లు వద్దంది. అక్కడ ఆగాలని నాకెవరు చెప్పారు? నాలుగోసారి కూడా అన్నాను. కండువా వెళ్లిపోయింది. బదులుగా ఏళ్ల తరబడి ఊరి నల్లబడిన వెల్లుల్లి ఊరగాయ సీసా ఒకటి ఒళ్లోకి వచ్చింది.

పొద్దు కుంకింది. అన్జలీ ఇంకా దూరం. వెల్లుల్లి వాసన కొడుతున్న టాక్సీ వెనక సీట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. ఎంతివ్వాలని డ్రైవరును ఇంకా అడగలేదు.

ఇట్లు,
కండువా లేని మీ అతిథి